గిన్నెడు కళ్ళు

డబ్బా మూత తియ్యగానే
లిచీపళ్ళు తెల్లగా, గుడ్డిగా నన్ను చూశాయి.
తాటిముంజెల చెల్లెళ్ళు.
గింజ తీసిన బొక్కలో ఒక్కో బ్లూబెర్రీ కూరుతున్నాను,
చూపుడువేలితో, ఓపిగ్గా,
యాభై నాలుగు కళ్ళు.
సరిసంఖ్య ఉండాలి కదా,
ఒంటికన్ను దయ్యమేదీ
నా వంటింట్లోంచి బయల్దేరకూడదు.

పగలంతా నా పని రక్తం తియ్యడం.
బాలరాట్‌లో, మందులషాపు వెనక గది.
"చిన్న గుచ్చు, అంతే" అని
రోజుకి నలభైసార్లు అబద్ధమాడతాను.
అందుకే ఈ ఏడు పార్టీ నా ఇంట్లోనే అన్నారు,
పంచ్ నువ్వే కలపాలి, నీకు ఆ రంగు తెలుసు అని.

తెలుసు.
అట్టపెట్టె షిరాజ్ ఆఖరి బొట్టుదాకా పిండాను,
అది సిరలో నెత్తురు, నలుపు తిరిగింది.
రక్తనారింజలు ఎనిమిది పిండితే
కాస్త ధమని ఎరుపొచ్చింది.
చెర్రీలు, చక్రాలు కోసిన నిమ్మకాయ,
ఆపైన ఎవరూ చెప్పని పని ఒకటి:
మిరియాలూ యాలకులూ దంచి వేశాను.
పానకం ఎరిగిన నాలుక ఊరుకోదు.

ఫ్రీజర్లో చెయ్యి గడ్డకట్టింది.
పనిలోంచి తెచ్చిన నీలం గ్లవ్, మీడియం సైజు,
మూడుసార్లు కడిగి, నీళ్ళు నింపి
మణికట్టు దగ్గర ముడేశాను రాత్రి.
ఒలిచేటప్పుడు చిటికెనవేలు చిటుక్కుమంది.
"అయ్యో, నొప్పా?" అన్నాను.
మంచులో నరం వెతికింది నా బొటనవేలు, అలవాటున.

ఇక్కడ హాలోవీన్ వసంతంలో వస్తుంది.
ఎనిమిదైతే గాని పొద్దుగూకదు.
పాపం దయ్యాలు ఎండలో నిలబడి
కారిపోతున్న మొహాలు తుడుచుకుంటున్నాయి.
ఓ అస్థిపంజరం సన్‌స్క్రీన్ అడిగింది.
లైలాక్ పూసి వీధంతా ఘుమఘుమలాడుతుంటే
ఎవడికి భయమేస్తుంది?
గుమ్మంలో గుమ్మడికాయ మాకూ ఉంది,
మాది నవ్వదు, అంతే తేడా.

పిల్లల గిన్నె వేరు, ద్రాక్షరసం.
పెద్దల గిన్నెలో కళ్ళూ కల్లూ కలిశాయి.
ఈ చమత్కారం ఎవరికి చెప్పుకోను?
డారెన్‌కి విడమరిచి చెబితే
మర్యాదగా నవ్వి, చిప్స్ వైపు జరిగాడు.

పక్కింటి గ్లెనిస్ వచ్చింది,
నెత్తిన మంత్రగత్తె టోపీ, కాళ్ళకి ఇంట్లో చెప్పులు.
తేలుతున్న మంచుచేతిని పట్టుకుని
కులాసా అడిగి ఊపింది.
"నాకన్నా చల్లటి చెయ్యి ఇన్నాళ్ళకి దొరికింది."
మంగళవారం ఆ చేతికే సూది గుచ్చాను.
నరం రెండుసార్లు జారింది. నాలుగు ట్యూబులు.
వాటిమీద పేరు రాయడం వరకే నా వంతు,
ఏం తేలిందో నాకెవరూ చెప్పరు.
ఆవిడా అడగలేదు.
అడక్కుండా మూడు గ్లాసులు తాగి
"మిరియాలా? దొంగదానా!" అంది.
వెళ్తూ గ్లాసు అడుగున రెండు కళ్ళు వదిలేసింది,
పైకి చూస్తున్నాయి.

పదకొండు దాటాక గిన్నె ఎత్తితే
ఇంకా బెత్తెడు ఎర్రనీళ్ళు.
పసుపూ సున్నమూ కలిస్తే వచ్చే ఎరుపు.
చెయ్యి కరిగి సబ్బుబిళ్ళంత మిగిలింది.
సింకులో ఒంపబోయి ఆగాను.
ఇన్ని కళ్ళు పడ్డ నీళ్ళు ఎక్కడ పొయ్యాలో
ఎవరు నేర్పారో గుర్తులేదు, చేతులకి తెలుసు.

బయట గడ్డిలో నిలబడి
గ్లెనిస్ పడగ్గది కిటికీకి
గిన్నె తిప్పాను.
ఇంట్లో కళ్ళు, వీధిలో కళ్ళు,
ల్యాబులో మైక్రోస్కోపు ఒంటికన్ను...
నాకే నవ్వొచ్చి ఆగిపోయాను.
ఆగి, మళ్ళీ మొదట్నించి తిప్పాను, ముమ్మారు.
వీధి మలుపులో పారబోసి
వెనక్కి చూడకుండా వచ్చేశాను.

పొద్దున్నే పనికి వెళ్తూ చూశాను:
ఒక కంటిపాపని మోసుకుంటూ చీమలు,
ఎప్పుడూ బారు తప్పని చీమలు,
వంకరటింకరగా పోతున్నాయి.