నలభై ఒకటో పిట్ట

ఘాన్సీబజార్ మేడమీది గదిలో
ఫ్యాన్ వేయకూడదు.
నీలాలు లేచిపోతాయి.

చెమటకి చిట్టా పుస్తకం మెత్తబడుతుంది,
నేను రాస్తూనే ఉంటాను:
వచ్చిన బంగారం, వెళ్లిన బంగారం, తరుగు.

ఈసారివి ఎవరూ ఖర్చు పెట్టని నాణేలు.
నూట ఎనిమిది. ఒక్కోటి గ్రాము.
చిటికెనవేలి గోరంత బిళ్ల మీద
రెక్క విప్పిన పాలపిట్ట,
రెక్కలో ఏడు నీలాలు.
కొన్నవాళ్లు డబ్బీలో మూసి లాకర్లో పెట్టుకుంటారట.
ఎగరడం సంగతి మాకెవరూ చెప్పలేదు.

నిమాయ్‌దాది మేదినీపూర్. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే.
నాణేన్ని లక్క మీద అదిమి
ఊపిరి బిగబట్టి రాయి దించుతాడు.
ఆ కాసేపూ గుల్జార్ హౌజ్ దగ్గరి హారన్లు కూడా
ఆగినట్టే ఉంటాయి నాకు.

నలభై ఒకటో పిట్ట దగ్గర అతనికి తుమ్మొచ్చింది.
ఏడో నీలం లేదు.

చాపలు ఎత్తాం. లుంగీలు దులిపారు.
చేతులు కడిగిన నీళ్లు బట్టలో వడగట్టాం.
యాదమ్మ గడప సందులన్నీ కుంచెతో ఊడ్చి
"నువ్వుగింజల సగం లేదు, దీనికింత లొల్లా?" అంది.
సేఠ్ ఏమీ అనలేదు. నా వైపు చూశాడు.
తరుగు గడిలో రాశాను: నీలం, ఒకటి.
ఆ డబ్బు నిమాయ్‌దా కూలీలోంచి.

రాత్రి ఉప్పుగూడలో
కరెంటు పోయిన వంటింట్లో జడ విప్పుతుంటే
దువ్వెన పళ్ల మధ్య ఏదో గరుకు.
సెల్‌ఫోన్ వెలుతురులో
నీలంగా ఒక చుక్క.

నిజం చెప్పాలి, వెంటనే ఇచ్చేయాలనిపించలేదు.
అగ్గిపెట్టెలో పెట్టి రెండుసార్లు తెరిచి చూశాను.
నా చిన్నప్పుడు ఒక దసరాకి
నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని
పాలపిట్ట కోసం ఫలక్‌నుమా పట్టాల వెంట తిరిగి తిరిగి
చివరికి పంజరం వాడికి పది రూపాయలిచ్చి చూపించాడు.
ఆ పిట్ట రెక్క విప్పలేదు.
మట్టిరంగులో కూచుంది.
కనపడిందా అంటే కనపడిందన్నాను.

పొద్దున్నే అగ్గిపెట్టె నిమాయ్‌దా ముందు పెట్టాను.
అప్పటికే వేరే నీలం దిగిపోయింది,
ఏడూ నిండిన పిట్ట.
అతను నవ్వలేదు. రాయిని వేలికొనతో ఒకసారి దొర్లించి
నాణెం తిరగేసి
అంకెల కింద, ఎవరి చూపూ ఆగని అంచున
చిన్న గుంట తవ్వాడు.

తరుగు గడి కొట్టేశాను.
ఎనిమిదో రాయికి
చిట్టాలో గడి లేదు.

ఎవరి లాకర్లోనో ఉంది ఇప్పుడది.
బయటికి తీసి తిరగేస్తే తెలుస్తుంది.
తియ్యరు.
డబ్బీ మూత విప్పితే
విలువ పోతుందట.