అర గజం నెమలికంఠం రంగు

పేరు చెప్పినా మీకు తెలియదు, చెప్పను.
తెనాలిలో పదకొండు రోజులు, నెల్లూరులో ఆరు,
ఇక్కడ మద్రాసులో ఒక్క ఆదివారం పొద్దుటాట.
తీసినవాడు గూడూరు అభ్రకం వ్యాపారి.
గనుల్లో మెరిసిందంతా డబ్బాల్లో పోగొట్టుకుని
రాత్రి పాసింజరెక్కి వెళ్ళిపోయాడు.

నిన్న మధ్యాహ్నం రెండింటికి
సాలిగ్రామంలో మా మూడో అంతస్తు వాటాలో,
అవతల ఆర్కాట్ రోడ్డుని మెట్రో కోసం తవ్వుతుంటే,
ఎవరూ చూడని ఛానల్లో వేశారు.
గీతలు పడ్డ ప్రింటు.
కథ మొదలవకముందే వాన.

అందులో ఒక పంతులుగారు, జైలుకెళ్ళొచ్చిన మనిషి.
సర్కారు ఐదెకరాలిస్తానంటే
"కన్నతల్లికి చాకిరీ చేసి కూలడుగుతామా" అంటాడు
కండువా సర్దుకుంటూ, కెమెరా వైపు తిరిగి.
ఆయన తిన్న విస్తట్లోనే భార్య తింటుంది.
అది నాకు నచ్చలేదు, నచ్చదు.
కోడలు గడపకి పసుపు రాస్తూ పద్యం ఎత్తుకుంటుంది.
అదీ నచ్చకూడదనే అనుకున్నాను,
రిమోట్ ఎప్పుడు పక్కన పెట్టానో తెలీదు.

మా నాన్న చెంచురామయ్య ఆ సినిమాకి దర్జీ.
పేర్లలో ఉండడు, వెతకొద్దు.
ఆఖరి సీనుకి జెండా కావాలన్నారు, తెల్లారేసరికి.
కొట్లన్నీ కట్టేసిన వేళ.
"నలుపూ తెలుపూ బొమ్మేగా, కెమెరాకి రంగులేం తెలుసు,
ఏదో ఒకటి కుట్టవయ్యా" అన్నాడట మేనేజరు.
కాషాయానికి మా అత్త పాత ఇటికరంగు పావడా.
తెలుపుకి తన పంచె, చిరుగు లేని కొస.
పచ్చకి ఏమీ దొరక్క
అమ్మ పెట్టె తీశాడు.
పెళ్ళినాటి రవిక గుడ్డ, నెమలికంఠం రంగు, అర గజం,
కుట్టించుకోకుండా దాచుకున్నది.

చక్రానికి సత్తుగిన్నె బోర్లించి గీత గీశాడు.
ఎనిమిది ఆకులు చాలు, ఎవడు లెక్కపెడతాడన్నారు.
నీలిదారంతో ఇరవైనాలుగూ కుట్టాడు.
పందొమ్మిదో ఆకు దగ్గర కిరసనాయిలు అయిపోయింది.
మిగతా ఐదూ వీధిదీపం కింద.

షూటింగయ్యాక అమ్మ అడిగింది:
"విప్పి నా గుడ్డ నాకియ్యి."
"నూటయాభై మంది దండం పెట్టారే దానికి,
ఇంక గుడ్డెలా అవుతుంది?"
"జెండా కూడా కాదుగా?"
"కాదు" అని ఒప్పుకున్నాడు.
ఒప్పుకుని, మడిచి,
ట్రంకు పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాడు.

కూలి నలభై రెండు రూపాయలు. రాలేదు.
పంతులుగారి మాట మా ఇంట్లో సామెతయింది.
బియ్యం డబ్బా అడుగు గీకినప్పుడల్లా
"కన్నతల్లికి చాకిరీ చేసి కూలడుగుతామా" అనేది అమ్మ,
గిద్ద చప్పుడయ్యేలా నేలకేసి పెట్టి.
ఏ కన్నతల్లి సంగతో
పిల్లలం, మాకేం తెలుస్తుంది.

నాన్న పోయిన చాన్నాళ్ళకి, డిసెంబరు వరదలో
పెట్టె మునిగింది. రంగులు ఒకదాన్లోకొకటి దిగాయి.
మేడ మీద ఆరేసింది అమ్మే,
పిండకుండా.

నిన్న, ఆఖరి సీను.
పంతులుగారి కొడుకు సరిహద్దు నుంచి రాడు, టెలిగ్రాం వస్తుంది.
ఆయన ఏడవడు. బడికెళ్ళి
పిల్లల్ని వరసలో నిలబెట్టి తాడు లాగుతాడు.
జెండా ఎక్కింది. మూడు బూడిద రంగులు.
గాలికి ఒక్కసారి నిండుగా విచ్చుకుంది,
ఆకులు లెక్కపెట్టబోయాను,
ఏడు దగ్గర ముడుచుకుపోయింది.

చిక్కుళ్ళు ఈనె తీస్తున్న మా అమ్మ, ఎనభై ఆరేళ్ళ మనిషి,
కళ్ళజోడు పైకి తోసి
కింది పట్టీ వైపు వేలు చూపించింది.
"అదిగో, నా రవిక."

వెంటనే బంగారం తాకట్టు ప్రకటన.
సౌండు తగ్గించమంది.