వచ్చే మంగళవారం నీ వంతు

ఓర్వో,
నలభై ఏళ్లుగా ఒకే చెక్కబల్ల మీద
నూలుపోగైనా లేకుండా కూచుని చెమటలు కార్చాం.
నీ బొడ్డు కింద మచ్చకి ఎన్ని కుట్లో నాకు తెలుసు.
అయినా ఈ ఒక్క మాట
సౌనా రాళ్ల మీద చల్లిన నీళ్లలా
సుయ్‌మని ఆవిరైపోతోంది ప్రతిసారీ.
అందుకే రాస్తున్నా. చదివి పొయ్యిలో వేసెయ్.

నెత్తురు పల్చబరిచే మాత్ర ఎన్నాళ్ల ముందు ఆపాలో
వాళ్లనే అడుగు, నీ అంతట నువ్వు ఆపెయ్యకు.
ఇచ్చిన మందు చెప్పిన వేళకే మింగు.
వదులు ప్యాంటు వేసుకో.

యోయెన్సూ ఆస్పత్రి, మూడో అంతస్తు.
గోడకి సరస్సు బొమ్మ,
కిటికీ అవతల అసలు సరస్సు.
ఆ బొమ్మెందుకో నాకిప్పటికీ తెలీదు.
డాక్టరమ్మకి మా చిన్నదాని వయసు.
సిగ్గుపడతావు. పడు.
గౌను ముడి విప్పేదాకానే అది,
ఆ తర్వాత నువ్వొక పనివి, వాళ్లు పనివాళ్లు.

ఎడమ పక్కకి తిరిగి
మోకాళ్లు గుండెకి ముడుచుకోమంటారు,
చలికి కుక్క పడుకున్నట్టు.
చల్లటి జెల్లీ. బొటనవేలంత గొట్టం.
నొప్పి అనను.
పిలవని చుట్టం బూట్లు విప్పకుండా
నడింట్లోకి వచ్చినట్టుంటుంది.
మత్తు సూది రెండుచోట్ల చురుక్కుమంటుంది.

తర్వాత ఆ చప్పుడు.
బెదరకూడదని ముందే గాల్లో పేల్చి వినిపిస్తుంది:
టప్.
అయినా మొదటిదానికి ఉలిక్కిపడ్డాను.
కాగితాలు కుట్టే స్టాప్లరే,
కాకపోతే కాగితం నువ్వు.
మొత్తం పన్నెండు.
ఏడు దగ్గర నా లెక్క తప్పింది.
"ఎనిమిది" అంది నర్సు సినిక్కా, నా భుజం మీద చెయ్యి తియ్యకుండా.

తొమ్మిదోదానికి నా బరమా గుర్తొచ్చింది.
అటవీశాఖలో ముప్పై నాలుగేళ్లు
పైన్ మొదట్లోకి దాన్ని దించి, తిప్పి తిప్పి,
పుల్లంత చెక్క లాగి, వలయాలు లెక్కేసి,
పుస్తకంలో వయసు రాసుకుని
తర్వాతి చెట్టుకి నడిచిపోయేవాణ్ని.
"ఇప్పుడు కాస్త చురుక్కుమంటుంది" అని
ఒక్కదానికీ చెప్పలేదు, ఓర్వో.
ఒక్కదానికీ.

అయ్యాక చూపించమన్నాను.
సీసాలో తెల్లటి దారప్పోగు,
గోరంత పొడుగు.
ఇంతేనా అన్నాను. ఇంతే అంది డాక్టరమ్మ,
మూత బిగించి, నా పేరు రాస్తూ.

ఇంటికొచ్చాక ఎర్రగా పోస్తావు,
లింగన్‌బెర్రీ రసంలా. బెదరకు, నీళ్లు తాగు.
ఒకట్రెండు రోజులు గులకరాయి మీద కూచున్నట్టుంటుంది.
ఇంకోటి. సినిక్కా తల దించకుండా చెప్పింది,
నేనే దించుకున్నాను:
వీర్యం వారాల తరబడి తుప్పు రంగులో వస్తుందట.
ఇర్మెలికి ముందే చెప్పు, భయపడకుండా.
నా ఇంటావిడ మాత్రం
"ఇంకా వస్తుందనే?" అని నవ్వింది.

కానీ వణుకుతో జ్వరమొస్తే,
మూత్రం బిగబట్టుకుపోతే,
తెల్లారనీ చూద్దాం అనుకోకు.
అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి, ఆస్పత్రికి, లేదా నాకు.
అడవిలో నేర్చిన మొండితనం అక్కడ చెల్లదు.
సౌనా కొన్నాళ్లు వద్దంటారు.
అన్నిటికంటే కష్టం అదే.

ఫలితానికి రెండు మూడు వారాలన్నారు.
నాదింకా రాలేదు.

రాత్రి లేచినప్పుడల్లా
కిటికీలోంచి పెరట్లో పైన్ కనిపిస్తుంది.
ఎనభై ఏడులో, ఒక ఆదివారం తోచక,
దానికీ బరమా దించాను. నూట పదకొండు వలయాలు.
నిన్న వెళ్లి తడిమాను.
గంటు దగ్గర బంక కారి గట్టిపడింది,
వేలితో నొక్కితే ఇప్పటికీ కాస్త అంటుకుంటుంది.
ఏదో అందామనుకున్నాను.
చలి. లోపలికొచ్చేశాను.

మంగళవారం బండి నువ్వు నడపొద్దు.
ఏడున్నరకి నీ గేటు ముందుంటాను.
దారిలో మాటలక్కర్లేదు,
రేడియోలో హాకీ కబుర్లు పెట్టుకుందాం.