ఎనిమిదో బల్ల

ఏడు బల్లలు నిండిపోయాయి.
ఏడింటి మీదా అదే యుద్ధం,
పోయినేడు ఆడిందే, ఆ ముందేడు ఆడిందే.
ఏ గుర్రం ఎన్ని గళ్ళు దూకుతుందో
నిద్రలో లేపి అడిగినా చెప్తారు మీరు.

ఎనిమిదోది కిటికీ పక్కన, పంకా కింద,
హాలు మొత్తానికి మంచి చోటు.
దగ్గరకొస్తున్నారు.
పటం చూసి, నాగావళి వంపు చూసి,
కాగితపు మిల్లు అట్టముక్కల్తో నేను కత్తిరించిన దండుల్ని
వేలితో ఒకసారి కదిపి,
"బాగుంది మాస్టారూ" అని
చల్లగా జారుకుంటున్నారు.

నియమాలు ఇరవై రెండు పేజీలే.
చదవక్కర్లేదు, నేను చదివాను కదా.
ఏడో పేజీ నాకూ పూర్తిగా తెలీదు.

కొత్తది ఒకటే:
ఇక్కడ మీ సైన్యం మీ మాట వెంటనే వినదు.
చీటీ రాయాలి. చీటీని హర్కారా మోసుకెళ్ళాలి.
వాగు పొంగితే వాడు ఒడ్డునే ఆగిపోతాడు.
ఆలోపు మీ ఏనుగులు
నిన్నటి ఆజ్ఞ మీదే నడుస్తుంటాయి.
"ఇదేం ఆటండీ, మా ఆఫీసులా ఉంది"
అన్నాడు రైల్వే నిరంజన్ బెహరా.
నవ్వాడు గానీ కూర్చోలేదు.

కూర్మనాథం గారూ,
మూడేళ్ళుగా కప్పు మీ ఇంట్లోనే ఉంది, తెలుసు.
ఓడితే పార్వతీపురం కుర్రాళ్ళు నవ్వుతారనేగా?
మీ నాన్న సాలూరు నుంచి బండి కట్టుకుని
ఈ రాయగడ సంతకొచ్చిన రోజు
ఉప్పు అమ్మడానికొచ్చినవాడికి
ఉప్పుని ఇక్కడేమంటారో తెలీదు.
చిటికెడు నాలిక మీద వేసుకుని చూపించాడట.
వారం తిరిగేసరికి "లుణొ, లుణొ" అని కేకేశాడు,
తప్పుగానే.
సంత నవ్వింది. నవ్వుతూనే కొంది.

మనం ఈ ఊరివాళ్ళం.
వంకాయల బేరం ఒక భాషలో మొదలెట్టి
చిల్లర ఇంకో భాషలో లెక్కెట్టేవాళ్ళం.
మాట మారిందని
ఏ రోజు సంచీ అక్కడే పడేసి ఇంటికెళ్ళాం?

ఓటమి ఖాయం అంటారా, ఖాయమే.
నేనూ ఓడాను. నా పటం మీద, నా నియమాలతో,
తొమ్మిదో తరగతి మా మేనకోడలి చేతిలో.
అది తన హర్కారాని వాగు ఒడ్డున వదిలేసి
పకోడీలు తింటూ కూర్చుంది.
నా దండే వంతెన మీదికి
తనంతట తను నడిచొచ్చి చిక్కింది.
ఆ రాత్రి నిద్రపట్టలేదు. బాధతో కాదు,
ఎలా ఓడానో అర్థం కాక.
ఎన్నాళ్ళయిందో
ఆటలో నాకేదైనా అర్థం కాక.

టీ వచ్చింది.
ఈ బల్ల మీద రెండు గ్లాసులు పెట్టించాను.
ఒకటి నాది. రెండోది చల్లారుతోంది.
నిరంజన్ కుర్చీ కొంచెం వెనక్కి లాగాడు,
కూర్చోడానికో, ఊరికే ఆనుకోడానికో.

ఆసొ, బొసొ.
మొదటి చీటీ నేను రాసిస్తాను,
మీరు సంతకం పెట్టండి చాలు.