గీత కింద

హాజరు పట్టీలో అరవై పేర్లయ్యాక ఒక గీత.
గీత కింద మేం నలుగురం,
అక్షరక్రమం మాదాకా రాలేదు.
లాటరల్ అంటారు మమ్మల్ని.

ఆ మాట అమ్మకి తెలుగులో చెప్పాల్సొచ్చింది.
"అంటే... అడ్డంగా చేరడం."
"అడ్డదారా?"
కార్పొరేషన్ చీపురు మూలన పెట్టి దగ్గరికొచ్చింది.
"ఎవరికైనా డబ్బులిచ్చావా ఏందే?"

తరమణి పాలిటెక్నిక్‌లో మూడేళ్ళిచ్చాను.
సాయంత్రాలు రిచీ స్ట్రీట్‌లో యాసీన్ భాయ్ కొట్టు,
చచ్చిన మదర్‌బోర్డుల మీద టంకం పొగ.
కొరుక్కుపేట చేరి పుస్తకం తెరిస్తే
సెమీకోలన్లు ఈదేవి.

ఇక్కడ అందరికీ ఒక మొదటి సంవత్సరం ఉంది.
వానకి ఆగిపోయిన పరీక్ష,
క్యాంటీన్‌లో ఎవరో ఎవరిమీదో ఒంపిన సాంబారు.
వాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతాను,
ఒక్క క్షణం ఆలస్యంగా.

"ఇది నిరుడే చూశాం" అంటూ లెక్కల సారు
ఇంటిగ్రల్ గుర్తు దాటి వెళ్ళిపోతాడు.
నిరుడు నేను లేను సార్.
ఆ వంకర తీగని
ఎక్కడ అతికించాలో నాకింకా తెలీదు.

ల్యాబ్‌లో పదిహేడో మెషీన్ మూడుసార్లు మూలిగి ఆగింది.
తలలన్నీ గీత కిందికి తిరిగాయి.
మూత విప్పాను. ర్యామ్ ఊడదీసి
పెన్సిల్ రబ్బరుతో పళ్ళు తోమి పెట్టాను.
వెలుగొచ్చింది.
ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు.

రాత్రి అమ్మ వేళ్ళు మడుస్తోంది.
ఎదురింటి పూంగొడికి ప్లస్ టూ రెండు, ఇంజనీరింగ్ నాలుగు.
నీకు మూడు. మళ్ళీ మూడు.
"ఆరుకి ఆరే!
మరి దగ్గరైందేముందే?" అంది,
ఎవరో నన్ను మోసం చేసినట్టు.