ఎడమ చక్రం

వాల్పరైసోలో మా కొండకి
రెండు పెట్టెల తాడుబండి ఉంది.
ఒకటి దిగితేనే ఇంకోటి ఎక్కుతుంది.
ముప్పై ఒక్క ఏళ్ళుగా కింద గదిలో నేను
మీట నొక్కుతున్నాను, వంద పెసోల బిళ్ళలు లెక్కపెడుతున్నాను.
ఎవరెంత బరువో తలెత్తి చూడక్కర్లేదు,
గుమ్మం చెక్క చెబుతుంది.
నేనెవరికీ చెప్పను.

ఎలిసేయోకి పదిహేనేళ్ళు.
బడి వదిలాక అందరితో రాడు.
రొట్టెల కొట్టు పక్క సందులో నిలబడి
బండి రెండుసార్లు వెళ్ళొచ్చాక
మూడోదానికి వస్తాడు, అదీ ఖాళీగా ఉంటే.
మూలకి ఒదిగి ఊపిరి బిగబడతాడు,
గాలి తక్కువ తీసుకుంటే
చోటు తక్కువ పడుతుందన్నట్టు.

తలుపు మీద రేకు: పదిమంది, ఏడువందల కిలోలు.
రోజూ చదువుతాడు.
పెదాలు కదుపుతూ భాగహారం చేస్తాడు.

ఒకరోజు వాడి సంచికి
నాలుగు నల్ల కాగితాలు అంటించి ఉన్నాయి.
మా దగ్గర బిస్కెట్ పొట్లాల మీద ఉంటాయి, ఎనిమిది మూలలవి,
చక్కెర ఎక్కువ, కొవ్వు ఎక్కువ అని.
ఎవరో ఎంత ఓపిగ్గా కత్తిరించారో, అంచులు నున్నగా.
"సంచి ఇటివ్వు, తడిసింది" అని అబద్ధమాడి
గోటితో గీకాను.
నాలుగోది సగమే ఊడింది.
"తడి ఆరిందా?" అని అడిగి
వాడు రేవులో ఓడలవైపు తిరిగాడు.

అక్టోబరులో అన్నాడు,
"ఎడమ చక్రం మూలుగుతోంది."
లేదన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళ చెవి నాది.
"ఎక్కేటప్పుడు కాదు. పొద్దున దిగేటప్పుడు,
సగం దాటాక, ఒక్కసారే.
ఎవరో నవ్వు ఆపుకున్నట్టు."

ఆపుకున్న నవ్వు ఎలా వినిపిస్తుందో
నాకేం తెలుసు.
వాడు ఏళ్ళ తరబడి వీపుతో విన్నాడు.

ఇంజనీరు వచ్చాడు. వెంట్రుకంత పగులు.
బండికి తాళం పడింది.
బడిలో ఏమన్నారో వేరే చెప్పాలా?
ఆ లావోడే ఎక్కి విరగ్గొట్టాడు.
గోడ మీద బొమ్మ గీశారు. సున్నం కొట్టాను.
మళ్ళీ గీశారు.
ఈసారి పోలిక బాగా కుదిరింది, అదీ నా బాధ.

ఇక మెట్లే. రెండువందల పద్నాలుగు.
డెబ్బైమూడో మెట్టు దగ్గర ఒక చపటా.
నా మోకాలూ వాడి మోకాలూ
అక్కడే మొరాయిస్తాయి.
నాది వయసట, అందరూ దారిస్తారు.
వాడిది తప్పట, అందరూ సలహా ఇస్తారు.
చేపలావిడ రొట్టె మానెయ్ అంది.
పోస్టుమాన్ నిమ్మరసం అన్నాడు.
ఒకాయన వేడి ఎంపనాడా కొరుకుతూ
"నోరు కట్టుకోవాలి బాబూ" అని
మసాలా కారుతున్న వేలు చూపించాడు.

అతను మలుపు తిరిగాక వాడన్నాడు,
"పగలు నేనేం తినను.
ఎవరైనా చూస్తుంటే నమలలేను.
రాత్రి, వంటింట్లో, దీపం వెయ్యకుండా..."
మిగతాది మింగేసి
మెట్లు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

డాక్టర్ ఇతుర్రా దగ్గరికి వెళ్ళొచ్చాడు.
తూకం యంత్రం కంటే ముందు కుర్చీ చూపించిందట,
చేతులు లేని వెడల్పాటి కుర్చీ.
"నిద్ర ఎలా పడుతోంది?" అందట.
పుట్టాక ఎవరూ అడగని ప్రశ్నకి
వాడికి జవాబు రాక ఏడుపొచ్చిందట.
నాకు చెబుతూ నవ్వాడు.

గంటకి ఇరవైసార్లు నిద్రలో ఊపిరి ఆగుతోందని తేలింది.
తరగతిలో తూగడం బద్ధకం కాదని తేలింది.
ఇప్పుడు రాత్రుళ్ళు ముక్కుకి గొట్టం.
మధ్యాహ్నం వాళ్ళమ్మ కుట్టుమిషను ఆపి
ఎదురుగా కాదు, పక్కన కూర్చుని తింటుంది.

సన్నబడ్డాడా అని నన్నడక్కండి.
"కల వచ్చింది, చివరిదాకా" అన్నాడు ఒకనాడు.
ఏం కల?
"ఏం లేదు. బస్సు కోసం నిలబడ్డాను.
బస్సు వచ్చింది."

మార్చిలో బండి కదిలింది.
జనం బారులు తీరారు. ఆ ఒక్కరోజు నేనూ లోపల ఎక్కాను.
ఎలిసేయో మొదటి పెట్టెలోనే, నలుగురి మధ్య.
రేకు చూశాడు. పెదాలు కాస్త కదిలాయి.
తర్వాత ఊపిరి పీల్చాడు,
చొక్కా గుండీలు బిగుసుకునేంత.

సగం దాటింది.
తల వంచి విన్నాడు. నేనూ విన్నాను.
వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అది చక్రం కాదులే"
అన్నాడు.