నాలుగు గళ్లు

కట్టమంచి మలుపులో నా డీటీపీ షాపు.
జూన్ నెల. రోడ్డు పొడుగునా తోతాపురి ట్రాక్టర్లు
గుజ్జు ఫ్యాక్టరీ గేటుకేసి చూస్తా నిలబడి ఉండాయి.
వాటి సందుల్లోంచి వచ్చినాడు చెంగల్రాయులు,
కండక్టరు డ్యూటీ దిగి పద్దెనిమిదేండ్లయిన మనిషి.
ఒక చేతిలో పలక మాదిరి సన్నటి యంత్రం,
ఇంకో చేతిలో గీతలు పడిన సీడీ.

"అమ్మణ్ణీ, నువ్వు కొట్టిచ్చిందే ఇది.
దీంట్లో తెరుచుకోనంటా ఉండాది.
అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది అవుతాదంట,
మనవరాలు చెప్పింది.
నా కండ్లకు ఇంగ కాగితం ఆనడం లేదు."

ముందు కేబులు మార్చినా.
ఆయన తెచ్చిన దాంట్లో చార్జి ఎక్కుతాది, ఫైలు ఎక్కదు.
(అట్లాంటి వాణ్ణి నేను పెండ్లి కూడా చేసుకున్నా.)
తర్వాత ఫైలు పేరు చివర తోక కత్తిరించి
వేరే తోక అతికించినా.
గొర్రెకు మేక తోక పెడితే సంతలో ఎవరు నమ్ముతారు?
"ఈ పత్రం తెరవడం కుదరదు"
తలెత్తకుండా చెప్పే గుమాస్తా మాదిరి చెప్పింది.

మూడోసారి తెరుచుకునింది.
పేజీ నిండా గళ్లు. ఖాళీ గళ్లు, వరసలు వరసలుగా.
ఆయన కండ్లద్దాలు నుదుటికెత్తి చూసి
"సీట్లన్నీ ఖాళీ" అన్నాడు.

పెట్టి పొమ్మన్నా. రోగం నాకు తెలుసు.
అప్పట్లో మేం కొట్టింది తెలుగు కాదు,
తెలుగు ముసుగేసుకున్న ఏవో గుర్తులు.
ఆ ముసుగు నా పాత కంప్యూటర్లో ఉన్నింది.
అది కిలోల లెక్కన పాత ఇనుముకు పోయింది.

రాత్రి పదకొండు. షట్టరు సగం దించి మార్పిడి పెట్టినా.
అక్షరాలు వచ్చినాయి గానీ దెబ్బలు తగిలి వచ్చినాయి.
క్రావడి ఒక చోట, అది మోయాల్సిన అక్షరం ఇంకో చోట.
టిక్కెట్టులో ఒత్తులు రెండూ ఊడి
ఫుట్‌బోర్డు మీద వేలాడతా ఉండాయి.
ఒక్కొక్కదాన్నే ఏరి దాని చోట తగిలించాలంటే
చదవాల. ఇంకో దారి లేదు.

నూట నాలుగు పేజీలు కొట్టినా అప్పుడు,
ఒక్క మాటా చదవలేదని ఇప్పుడు తెలిసింది.
పేజీకి ఎనిమిది రూపాయలు.
వేళ్లు చదవవు.

ఐరాల కాడ ఒకామె గంపలో పొదిగే కోడితో ఎక్కింది.
కోడికి అర టిక్కెట్టు. గుడ్లను అడగలేదు.
నీవా పొంగి బస్సు నిలిచిపోయిన రాత్రి
డ్రైవరు గురకకు చంటిబిడ్డ నిద్రపోయింది.
ఇట్లాంటివే, తేదీ వేసి, చిల్లర లెక్క వేసి.

తొంభై రెండో పేజీ.
"పాకాల కాడ చెకింగు. పదకొండు రూపాయలు తక్కువ.
తీసింది నేను. బిడ్డకు మందుకు.
అప్పటికి బ్యాగు దేవేంద్రం చేతిలో ఉండాది.
వాడి మీద రాసినారు. నేను నోరు మె"
ఆ తర్వాత నాలుగు గళ్లు.

వేరే మార్పిడి పెట్టి చూసినా. నాలుగు గళ్లే.
మెదపలేదు. వేళ్ల మీద లెక్కబెట్టినా, సరిపోయింది.
మెదిపినాను. అదీ సరిపోయింది.
దోమలబత్తి ఆరిపోయేదాకా కూర్చున్నా.
ఒత్తులు పెట్టొచ్చు, గుడి పెట్టొచ్చు, సుడి పెట్టొచ్చు.
ఇది నేను పెట్టేది కాదు.

పొద్దున్నే వచ్చినాడు.
అక్షరం పెద్దది చేసి ఇచ్చినా, తెరకు నాలుగైదు మాటలు పట్టేంత.
కోడి కాడ నవ్వినాడు, పండ్లు లేని నవ్వు.
తొంభై రెండుకు నేనే తీసుకుపోయినా.
"ఈడ ఒక మాట పోయింది. మీరు చెప్తే కొడతా."

ఆయన దగ్గరగా పెట్టుకుని చూసినాడు.
దూరంగా పెట్టి చూసినాడు.
గళ్ల మీద వేలు పెట్టి, తడిమి, నొక్కినాడు.
పేజీ తిరిగిపోయింది.

"అయ్యో. వెనక్కి ఎట్లా పోవాల అమ్మణ్ణీ?"

"ఎడమ అంచున తాకండి" అన్నా.
వేలు అంచు దాకా పోయింది, ఆడే ఉండాది.
ఎవరో గాజు మీద ఆధారు కార్డుతో తట్టినారు,
"జెరాక్సు మ్మా, రెండు పక్కలా."